చెల్లెలి పొలానికి హద్దులున్నాయి, నంబర్ లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరి వాణ్ణి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా చెల్లెలి 80 సెంట్ల మాగాణి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. రిజిస్టరైన దస్తావేజు ఉంది, పట్టాదారు పాసు పుస్తకం ఉంది, నాలుగు పక్కలా హద్దులున్నాయి, ముప్పై ఏళ్లుగా ఆ చేను మీద వచ్చే కౌలు అందుకుంటున్నది ఆవిడే, ఊళ్లో ఎవర్ని అడిగినా 'అది మాస్టారి చెల్లెలిగారి చేను' అని వేలు పెట్టి చూపిస్తారు. అయినా అవసరానికి అమ్ముకోలేకపోయింది. ప్రభుత్వం పొలాలు కొత్తగా కొలిచిన రీసర్వే తర్వాత గీసిన పటంలో ఆ 80 సెంట్లకి విడిగా నంబర్ లేదు, అదీ కారణం. ఇది మా ఒక్క ఇంటి గొడవే అయితే ఏదో తిప్పలు మేమే పడేవాళ్లం, పత్రికకు రాసేవాణ్ణి కాదు. మా ఊళ్లోనే ఇలా ఇరుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పక్క ఊళ్లలో నా దగ్గర చదువుకున్న పిల్లలు ఫోన్ చేసినా ఇదే మాట.

మొదట్నుంచీ చెప్తేగానీ అర్థం కాదు. 1994లో చెల్లెలి పెళ్లికి నాన్న పసుపు కుంకుమ కింద ఈ 80 సెంట్లు ఇచ్చారు. మా వైపు అప్పట్లో చాలామంది నోటిమాటగా ఇచ్చి ఊరుకునేవాళ్లు. నాన్న అలా వదల్లేదు, గిఫ్టు దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించారు. రాయించే ముందు ప్రైవేటు సర్వేయరును పిలిచి కొలిపించారు కూడా. గొలుసు ఒక కొస పట్టుకున్నది నేను, రెండో కొస మా బాబాయి. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు. తూర్పు పడమరలుగా 400 లింకులు వచ్చింది, ఉత్తర దక్షిణాలుగా 200. రెండూ గుణిస్తే 80 వేల చదరపు లింకులు, వెయ్యికి ఒక సెంటు చొప్పున సరిగ్గా 80 సెంట్లు. గట్టు మీద కూర్చుని నోటుపుస్తకం అట్ట మీద ఆ గుణకారం వేసింది నేనే కాబట్టి ఈ రోజుకీ కళ్లముందు ఉంది. దస్తావేజులో హద్దులు ఇలా రాశారు: తూర్పు పంట బోదె, దక్షిణం నా చేను, పడమర డొంక, ఉత్తరం బాబాయి చేను. ముప్పై ఏళ్లుగా నాలుగు పక్కలా ఉన్నవి అవే.

పాత లెక్కలో అది సర్వే నంబర్ 118-2. మొత్తం 2 ఎకరాల 60 సెంట్లు. అందులో ఉత్తరాన బాబాయిది 70 సెంట్లు, మధ్యలో చెల్లెలిది 80, దక్షిణాన నాది ఎకరం పది. ఊరి పొలాల లెక్క రాసే అడంగల్‌లోనూ, ఎవరి పేరున ఎంత పొలముందో చూపే వన్ బీలోనూ 118-2ఏ, 2బీ, 2సీ అని మూడుగా పడ్డాయి, మూడు పాసు పుస్తకాలొచ్చాయి. కానీ పొలాల కొలతల పటం, ఎఫ్‌ఎంబీ అంటామే, అందులో మాత్రం 118-2 చుట్టూ గీత ఉంది, లోపల గీతల్లేవు. అంటే పుస్తకంలో మూడు ముక్కలు, పటంలో ఒకటే ముక్క. ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, సగం అమ్ముకున్నప్పుడు, ఆడపిల్లకు ఇచ్చినప్పుడు రాష్ట్రంలో ఎక్కడ చూసినా జరిగింది ఇదే. పేరు మార్చడానికి కాగితం చాలు, గీత గీయాలంటే సర్వేయరు పొలానికి రావాలి, ఆయన రాడు, పని కాగితంతోనే అయిపోయేది. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చాక ఆ పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కింది. ఎవరి పొలం ఎంతో ఇంట్లో కూర్చుని చూసుకోగలుగుతున్నామని అందరం సంతోషపడ్డాం, నేనూ సంతోషపడ్డాను. పటం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే పాత పద్ధతిలో అమ్మకానికి పటం అడిగేవాళ్లే తక్కువ. సర్వే నంబరూ విస్తీర్ణమూ నాలుగు హద్దులూ రాస్తే రిజిస్ట్రేషన్ అయిపోయేది.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో అప్పటి ముఖ్యమంత్రి రీసర్వే మొదలుపెట్టారు. వందేళ్ల కిందటి కొలతలు, అరిగిపోయిన పటాలు, పీకి పారేసిన రాళ్లు, వీటితో ఇంకెన్నాళ్లు నెట్టుకొస్తాం, కొత్తగా కొలవడం అవసరమేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు వచ్చాయి, ప్రతి భూమి ముక్కకీ ఎల్పీఎం నంబర్, అంటే ల్యాండ్ పార్శిల్ మ్యాప్ నంబర్ ఇస్తామన్నారు. ఒక్కో కమతానికి ఒక్కో పటం. ఆ మాట విన్నప్పుడు, పుస్తకంలో ఉండి పటంలో లేని మా మూడు ముక్కలకీ ఇప్పటికైనా గీతలు పడతాయని నిజంగా ఆశపడ్డాను.

మా ఊరి వంతు 2022లో వచ్చింది. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు, రేపు పొద్దున ఫలానా బ్లాకులో గ్రౌండ్ ట్రూతింగ్, అంటే పొలంలోనే హద్దులు సరిచూడడం, రైతులంతా రావాలి అని. చెల్లెలు విజయవాడలో ఉంటుంది, ఆ గ్రూపులో లేదు. బాబాయి అప్పటికే పోయారు, వాళ్లబ్బాయి కువైట్‌లో ఉన్నాడు. ఉన్నది నేనొక్కణ్ణి. వెళ్లాను. సార్వా నాట్లు పడి పది రోజులైంది, మడి నిండా నీళ్లు, గట్లు మెత్తగా ఉన్నాయి. సర్వేయరు కుర్రాడు మంచివాడే, తెల్లారి నుంచి తిరుగుతున్నాడు, మోకాళ్ల దాకా బురద, భుజాన రోవర్ కర్ర. డొంక పక్క మూల దగ్గర కర్ర నిలబెట్టాడు, బోదె పక్క మూలకి వెళ్లాడు, అలా నాలుగు మూలలూ అయ్యాయి. లోపలి గట్లు కూడా చూడమని అడిగాను. 'నీళ్లున్నాయి కదండీ, కర్ర దిగిపోతోంది, రీడింగ్ నిలవదు. లోపలివి తర్వాత వచ్చి చూస్తాం మాస్టారూ, సంతకం పెట్టండి' అన్నాడు. ఆ రోజు అతను ఇంకా ఎన్నో చేలు పూర్తి చేయాలి, పైనుంచి గంటగంటకీ ఫోన్లు వస్తున్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. సంతకం పెట్టాను. తర్వాత మళ్లీ ఎవరూ రాలేదు. అతన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వరి నిలబడి ఉన్న చేలో, నీళ్లు కట్టిన మడిలో, గడువు పెట్టి సర్వే చేయించిన పద్ధతిదే తప్పు. డెల్టాలో మినుము తీసేశాక పొలం నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. కొలవడానికి అంతకంటే మంచి కాలం లేదని మా ఊళ్లో పాలేరుకి కూడా తెలుసు.

ఫలితం ఏమిటంటే 118-2ఏ, 2బీ, 2సీ మూడూ కలిసి ఒకే ఎల్పీఎం అయ్యాయి, నంబర్ 342. దీన్ని జాయింట్ ఎల్పీఎం అంటున్నారు. పటంలో ఒకే ముక్క, కింద మూడు పేర్లు. పాతికేళ్ల పైబడి విడివిడిగా ఉన్నవి కొత్త రికార్డులో ఉమ్మడి ఆస్తిలా తయారయ్యాయి.

ఇంకో సంగతి చూడండి. కొత్త విస్తీర్ణం 2 ఎకరాల 54 సెంట్లు వచ్చింది. ఆరు సెంట్లు తగ్గింది, అంటే 290 గజాలు. కొలత మారినప్పుడు కొంచెం ఎక్కువో తక్కువో వస్తుంది, అది ఒప్పుకుంటాను. ఎక్కడ తగ్గిందో కూడా నాకు తెలుసు. తూర్పున బోదె ఏటా పూడిక తీసి తీసి మా వైపుకి వెడల్పయింది. మా మూడు చేల తూర్పు అంచు మొత్తం పొడవు 650 లింకులు, ఆ పొడవునా ఆరడుగులు బోదెలో కలిసిపోతే లెక్క ఆరు సెంట్లు వస్తుంది. అలాగైతే ఎవరి వెడల్పును బట్టి వాళ్లకి తగ్గాలి: బాబాయి వాళ్లకి 1.61, చెల్లెలికి 1.85, నాకు 2.54. కానీ రికార్డులో 68, 78, ఎకరం ఎనిమిది అని ఉంది, తలా రెండు సెంట్లు కోసేశారు. కొలిస్తే రాని అంకె ఇది. ఆఫీసులో ఆరుని మూడుతో భాగించారు, అంతే. ఈ అంకె మీద సంతకం పెట్టమని నన్నెవరూ అడగలేదు, ఎందుకు తగ్గిందో ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు.

ఇదంతా మాకు ఎప్పుడు తెలిసిందనుకున్నారు? అమ్మబోయినప్పుడు. అంతకుముందు తెలిసే దారే లేదు. పొలం దున్నడానికి ఎల్పీఎం అక్కర్లేదు, కౌలుకివ్వడానికి అక్కర్లేదు. రికార్డులో ఉన్న తప్పు ఎన్నేళ్లయినా చప్పుడు లేకుండా పడుంటుంది. అమ్మకం రోజున, అదీ మనిషికి డబ్బు అత్యవసరమైన రోజున బయటపడుతుంది.

కిందటేడు మా బావగారికి గుండె ఆపరేషన్ అన్నారు. చేను అమ్మేద్దాం అన్నయ్యా అంది చెల్లెలు. పక్క ఊరి రైతు ఎకరం 30 లక్షల లెక్కన 24 లక్షలకి ఒప్పుకున్నాడు, రెండు లక్షలు బయానా ఇచ్చాడు, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నాం. దస్తావేజులు రాసే ఆయన మాకు నలభై ఏళ్లుగా తెలిసినవాడు. ఆయన ముందు కూర్చున్నాం. కంప్యూటర్లో నంబర్ కొట్టి చాలాసేపు చూశాడు.

'మాస్టారూ, 118-2బీ రావడం లేదండీ. 342 అని వస్తోంది, ముగ్గురున్నారు.'

'ముగ్గురం ఉన్నాం గానీ ముక్కలు వేరు కదయ్యా. గిఫ్టు దస్తావేజు నీ చేతిలోనే ఉంది, హద్దులు చూడు.'

'నేను చూస్తానండీ, సిస్టం చూడదు కదా. జాయింటులో 78 సెంట్లు అమ్మినట్టు రాయమంటే రాస్తాను. కొన్నాయన పేరు మీదకి విడి పటం రాదు. ఆయన రేపు లోనుకెళ్తే మిగతా ఇద్దరి సంతకాలూ తెమ్మంటారు.'

కొనే రైతు అప్పటిదాకా మాట్లాడలేదు. మెల్లగా అన్నాడు, 'మీ మాట మీద నాకు నమ్మకముంది మాస్టారూ. కానీ రేపు మీరూ నేనూ లేనిరోజున మా పిల్లాడు ఏ చేను తనదని చూపించుకోవాలి?' నా దగ్గర సమాధానం లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. బయానా వెనక్కిచ్చేశాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు లక్షలు తెచ్చి ఆపరేషన్ చేయించాం, బావగారు బాగున్నారు, అది దేవుడి దయ. వడ్డీ నెలకి 12 వేలు కడుతోంది చెల్లెలు. ఆ రోజు సాయంత్రం బస్టాండులో ఆవిడ అడిగిన మాట నన్ను వదలడం లేదు. 'నాన్న రిజిస్టరు చేయించి మరీ ఇచ్చారు కదన్నయ్యా, మరి ఇది నాదని ఎక్కడా లేదంటారేంటి?'

ఉంది. అన్ని చోట్లా కొంచెం కొంచెం ఉంది, పూర్తిగా ఒక్కచోటా లేదు. అదే అసలు జబ్బు. రిజిస్ట్రేషన్ శాఖ దస్తావేజును నమోదు చేస్తుంది. వంద రూపాయలూ ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమూ చెప్తాయి, కానీ అమ్మేవాడు నిజంగా యజమానా కాదా అని తేల్చే పని సబ్ రిజిస్ట్రారుది కాదు. రెవెన్యూ శాఖ వన్ బీ, పాసు పుస్తకం ఇస్తుంది. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం ఆ రికార్డులో పేరు, తప్పని రుజువయ్యేదాకా నిజమని భావిస్తారు, అంతవరకే. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, అయినంత మాత్రాన హక్కు వచ్చేయదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. సర్వే శాఖ పటం గీస్తుంది, హక్కులతో తనకు పని లేదంటుంది. మూడు శాఖల్లో ఏ ఒక్కటీ 'ఇది ఈవిడదే, మాది పూచీ' అనదు. సరే, అది మన దేశంలో పద్ధతి, ఒప్పుకుందాం. కానీ అమ్మకం కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ పూచీ పడని ఆ రికార్డే ఆఖరి మాట అయిపోతోంది. 1994 దస్తావేజులో నాలుగు హద్దులూ చూపించినా 342 అనే నంబర్ ముందు అది చెల్లలేదు. ఆఖరి మాట కాదని చట్టం అంటుంటే, కంప్యూటర్ అదే ఆఖరి మాట అంటోంది. మధ్యలో నలిగిపోతున్నది అమ్ముకునే మనిషి.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, దాని సంగతీ చెప్పాలి. కొత్త ఎల్పీఎం నంబర్‌తో ఈసీ తీస్తే మా గిఫ్టు దస్తావేజు కనబడలేదు. పాత సర్వే నంబర్‌తో తీస్తే కనబడింది. నాకు పాత నంబర్ గుర్తుంది కాబట్టి సరిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత మా మేనల్లుడికి గుర్తుంటుందా? కొనేవాళ్లకి ఒక మాట, రీసర్వే అయిన ఊళ్లో పొలం కొంటుంటే రెండు నంబర్లతోనూ ఈసీ తీయించండి, పాత దస్తావేజు హద్దులు చేతిలో పట్టుకుని స్వయంగా గట్ల మీద నడవండి, పక్క చేల వాళ్లను పిలిచి అడగండి. ఈసీలో రిజిస్టరైనవే కనబడతాయి. నోటి పంపకాలు, తెల్ల కాగితం అమ్మకాలు అందులో ఉండవు, వాటి గురించి చెప్పగలిగేది పక్క చేను రైతే.

భూ హక్కు చట్టం గురించి అప్పట్లో ఎంత గొడవైందో అందరికీ తెలుసు. 2023 అక్టోబరు 31 నుంచి ఆ ల్యాండ్ టైట్లింగ్ చట్టం అమల్లోకి వచ్చింది, లాయర్లు నెలల తరబడి కోర్టులు బహిష్కరించారు, ఎన్నికల్లో అదే పెద్ద మాటయింది, కొత్త ప్రభుత్వం వచ్చాక 2024 జులైలో అసెంబ్లీలో రద్దు చేశారు. ఇలాంటి పటాల మీద ఆధారపడి 'ఇదే తుది హక్కు' అంటే ఎంత ప్రమాదమో మా 342 చూస్తే తెలుస్తుంది, అందుకే రద్దు మంచిదే అనుకున్నాను. కానీ చట్టం పోయింది, పటం ఉండిపోయింది. పాసు పుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి ఫొటో తీసేసి రాజముద్ర వేయడానికి పట్టిన పట్టుదల లోపలి పేజీలో విస్తీర్ణం సరిచేయడానికి కూడా చూపించాలని ఏ పార్టీ అధికారంలో ఉన్నా అడుగుతాను. రెవెన్యూ సదస్సులు పెట్టారు, వెళ్లాను, అర్జీ ఇచ్చాను, రసీదు ఇచ్చారు. తర్వాత సోమవారం గ్రీవెన్సుకి రెండుసార్లు వెళ్లాను. అధికారులు మర్యాదగానే మాట్లాడారు, కూర్చోబెట్టారు. ప్రతిసారీ చివరికి ఒకటే మాట, జాయింట్ ఎల్పీఎం విడగొట్టాలంటే ముగ్గురూ ఒప్పుకుంటూ సంతకాలు పెట్టి దరఖాస్తు చేసుకోవాలి, ఫీజు కట్టాలి, మీ వంతు వచ్చినప్పుడు సర్వేయరు వస్తాడు.

నా బాధంతా ఇక్కడే. మూలలు కొలిచిన రోజు నేను పెట్టింది తప్ప మమ్మల్ని కలిపేటప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది, విడిపోవడానికి ముగ్గురి సంతకాలు కావాలా? బాబాయి కొడుకు బంగారం లాంటి వాడు, 'అన్నయ్యా ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా' అన్నాడు, కానీ సెలవు దొరకాలి, లేదంటే అక్కడి ఎంబసీలో పవరాఫ్ అటార్నీ రాయించి పంపాలి. మాకు సఖ్యత ఉంది కాబట్టి ఈ మాత్రం. మా ఊళ్లోనే ఇంకో జాయింట్ ఎల్పీఎంలో ఇద్దరు అన్నదమ్ములకి పదిహేనేళ్లుగా మాటల్లేవు. తమ్ముడు కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకోవాలి. అన్న సంతకం పెట్టనన్నాడు, ఊరికే కాదు, గట్టు రెండడుగులు జరిపి ఒప్పుకుంటే పెడతానన్నాడు. వాళ్ల నాన్న ఉన్నప్పుడే తేలిపోయిన గట్టు అది. ఆరిపోయిన తగాదాకి కొత్త పటం మళ్లీ నిప్పు పెట్టింది. తమ్ముడి చేతిలో పాసు పుస్తకం ఉంది, ఏం లాభం?

గడువు సంగతి కూడా చాలామందికి తెలియదు. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ప్రకారం సర్వే పూర్తయిందని 13వ సెక్షన్ కింద నోటిఫికేషన్ వచ్చాక ఆ హద్దులే ఖాయమవుతాయి, నచ్చనివాళ్లు ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు సివిల్ కోర్టుకి వెళ్లాలి. మా ఊరి నోటిఫికేషన్ వచ్చి రెండేళ్లు దాటిపోయింది. చెల్లెలికి ఈ తప్పు ఉందని తెలిసేసరికే సగానికి పైగా గడువు అయిపోయింది. పట్నాల్లో ఉన్నవాళ్లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు, వాళ్లలో ఎందరు తమ ఎల్పీఎం పటం ఒక్కసారైనా తెరిచి చూశారు? చూడకుండానే మూడేళ్లూ దాటిపోతాయి. నాకు నిజంగా టెన్షన్ పుట్టిస్తున్నది ఇదే, అందుకే ఈ ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను.

తెలంగాణలో మా వియ్యంకులు ఖమ్మం జిల్లాలో ఉంటారు, వాళ్ల అనుభవం వేరే దారిలో ఇక్కడికే వచ్చింది. 2020 అక్టోబరు 29న అక్కడ భూముల రికార్డులకి ధరణి పోర్టల్ వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు అయిపోతాయన్నారు, రికార్డు సరిగ్గా ఉన్నవాళ్లకి అయ్యాయి కూడా. పేరులోనో విస్తీర్ణంలోనో తప్పున్నవాళ్లకి సరిచేసే దారి దొరక్క ఏళ్లు పట్టింది, అమ్ముకోవడానికి లేక అల్లాడిపోయారు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది, అందులో అమ్మకానికి సర్వే పటం జతచేయాలన్న నిబంధన పెట్టారు. అది అమలులో ఎలా నడుస్తుందో చూడాలి గానీ, ఆలోచన సరైనదే. కర్ణాటకలో ఇది ముందునుంచే ఉంది. సర్వే నంబరులో కొంత ముక్క అమ్మాలంటే 11ఇ స్కెచ్ అని ముందే కొలిపించి పటం తెచ్చుకోవాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. బళ్లారి వైపు పొలం కొన్న నా పాత విద్యార్థి ఆ స్కెచ్ కోసం తిరిగి విసిగిపోయానన్నాడు, కానీ కొన్నాక మాత్రం ఏ చేను నాదని ఎవరూ అడగలేదు సార్ అన్నాడు. మనకు ఆ నిశ్చింతా దక్కలేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. రీసర్వే అయిన ప్రతి ఊళ్లో జాయింట్ ఎల్పీఎంలు ఎన్నో, ఏవో ప్రభుత్వానికి కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే తెలుస్తుంది. దరఖాస్తు కోసం, ఫీజు కోసం, ముగ్గురి సంతకాల కోసం ఎదురు చూడకుండా, పాత వన్ బీలో విడి సబ్ డివిజన్లూ విడి పాసు పుస్తకాలూ ఉన్న వాటన్నిటినీ తనంతట తాను సర్వేయర్లను పంపి విడగొట్టాలి. గట్టుకి అటూ ఇటూ ఉన్నవాళ్లు కాదంటేనే తగాదా, లేకపోతే ఉన్న గట్టే గీత. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ఆస్తిని గుర్తుపట్టేంత వర్ణన దస్తావేజులో ఉండాలంటుంది, 22వ సెక్షన్ ప్రభుత్వ సర్వే పటాన్ని బట్టి వర్ణించాలని నిబంధన పెట్టే అధికారం ప్రభుత్వానికే ఇచ్చింది. పటాన్ని బట్టే అమ్ముకోమంటున్నప్పుడు అమ్ముకోగలిగే పటం ఇవ్వాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే కదా. పటం మీద ప్రతి పక్కా ఎన్ని అడుగులో, ఎన్ని లింకులో తెలుగులో రాయండి. ఇప్పుడున్న పటం తీసుకుని మా ఊరి రైతు టేపు పట్టుకుని కొలుచుకోలేడు, అక్షరాలు కూడా కనబడవు. విస్తీర్ణం తగ్గితే ఎందుకు తగ్గిందో ఒక వాక్యం రాయండి, బోదెలో కలిసిందని రాస్తే ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరికీ అనుమానం రాదు. పాత నంబరూ కొత్త నంబరూ ఈసీలో పక్కపక్కన కనబడాలి. పాసు పుస్తకంలో ఆధార్, ఫోన్ నంబర్ ఎక్కించారు కదా, సర్వే రోజు ఫలానా అని ఆ ఫోన్‌కి పది రోజుల ముందు మెసేజ్ పంపడానికి ఏమడ్డం? కోర్టుకెళ్లే మూడేళ్ల గడువు గురించి కూడా అదే ఫోన్‌కి చెప్పాలి.

మా సంగతి ప్రస్తుతానికి ఇక్కడ ఉంది: దరఖాస్తు పెట్టాం, ఫీజు కట్టాం, కువైట్ నుంచి పవరాఫ్ అటార్నీ వచ్చింది. మినుము ఇంకొన్నాళ్లలో పీకేస్తాం, ఆ తర్వాత మళ్లీ సార్వాకి నీళ్లు వదిలేదాకా చేను ఎండి గట్టిగా ఉంటుంది, రోవర్ కర్ర ఎక్కడ పెట్టినా దిగబడదు. 1994లో నాన్న పాతించిన రాళ్లలో డొంక పక్క రెండూ ఇంకా ఉన్నాయి, మొన్న గడ్డి చెక్కి శుభ్రం చేసి వచ్చాను. సర్వేయరు ఏ రోజు వస్తానంటే ఆ రోజు చెల్లెలు విజయవాడ నుంచి మొదటి బస్సుకి వస్తానంది. నోటుపుస్తకం, టేపు పట్టుకుని నేనూ గట్టు మీద ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
కృష్ణా జిల్లా